నమాజు కుదిరింది, ఆపా వాటా దగ్గర కాళ్లు ఆగిపోయాయి

కొర్లగుంట దర్జీ:
అందరికీ సలాం, నమస్కారం. తిరుపతిలో కుట్టుపని చేస్తాను. వయసు 41. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయక తప్పేలా లేదు.

2025 మార్చిలో రంజాన్ మొదలైనప్పుడు ఐదు పూటలా నమాజు పట్టుకున్నాను. అంతకుముందు శుక్రవారం జుమా నమాజుకు, రెండు పండగలకు తప్ప మసీదు మెట్లెక్కింది లేదు. నెల అయిపోతే మళ్లీ మామూలే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కానీ అది నిలిచింది. ఇప్పుడు తెల్లవారుజామున ఫజర్ నమాజుకు అలారం అక్కర్లేదు, మెలకువ దానంతట అదే వస్తుంది.

నా కోపం సంగతి మా వీధి మొత్తానికి తెలుసు. చారులో ఉప్పెక్కువైందని తట్ట గోడకేసి కొట్టిన రోజుంది. ఆ మరక సున్నం వేసినా కనబడుతూనే ఉండేది. కోపం వస్తే నిలబడి ఉన్నవాడు కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి అని ప్రవక్త (స) చెప్పిన మాట ఒకరోజు మసీదులో బయాన్‌లో, అంటే ప్రసంగంలో విన్నాను. ఆ రోజు నుంచి కోపమొస్తే మిషన్ ముందున్న స్టూలు మీద కూర్చుంటున్నాను. మాట్లాడను, కూర్చుంటానంతే. మొన్న మా చిన్నది వాళ్లమ్మతో అంటోంది, "అబ్బా ఇప్పుడు అరవట్లేదు, కూర్చుంటున్నాడు" అని. అది వినబడ్డప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అసలు సంగతి ఇది. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం కానీ నాకు చదవడం రాదు. చదువంతా తెలుగు మీడియమే. అందుకని రాత్రి ఇషా నమాజు తర్వాత ఫోన్లో ఖుర్ఆన్ తెలుగు అనువాదం రోజూ రెండు పేజీలు చదువుతున్నాను. నాలుగో సూరా, అంటే నాలుగో అధ్యాయం, అన్నిసా దగ్గరకొచ్చాను. ఏడో ఆయతు, అంటే ఏడో వాక్యం. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదిలి వెళ్లినదాంట్లో మగవాళ్లకు వాటా ఉంది, ఆడవాళ్లకూ వాటా ఉంది, అది కొంచెమైనా ఎక్కువైనా సరే, నిర్ణయమైన వాటా అని ఉంది. ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా అబ్బా 2019లో పోయాడు. కొర్లగుంటలో రెండు సెంట్లలో మూడు గదుల ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. ఉన్నది అమ్మీ, నేను, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దామె నాకు ఆపా, అంటే అక్క, చిత్తూరులో ఉంటుంది, బావ ఆటో నడుపుతాడు. చిన్నామె పలమనేరులో, వాళ్లకు లోటు లేదు. ఈ ఆరేళ్లలో పంపకం అన్న మాటే ఎవరి నోటి నుంచీ రాలేదు. ఇల్లు నాదే అన్నట్టు ఉండిపోయాను.

ఆపాకు పన్నెండేళ్లప్పటి నుంచీ కాజాలు కుట్టడమే పని. రాత్రి తొమ్మిదింటికి అబ్బా షర్టులు తెచ్చి మంచం మీద వేసేవాడు. షర్టుకు ఏడు కాజాలు. జూన్‌లో యూనిఫారాల సీజన్ వస్తే ఆ కుప్ప మంచం కోడు దాకా వచ్చేది. నేను పక్కనే పడుకుని నిద్రపోయేవాణ్ని. సూది గుచ్చుకుని గుచ్చుకుని ఆపా బొటనవేలి పక్కన చర్మం గట్టిపడి మెంతిగింజంత కాయ కాసింది. ఇప్పటికీ ఉంది. తను ఏడో తరగతితో మానేసింది, నేను టెన్త్ దాకా చదివాను. ఆ ఇంటి గోడల్లో ఆ కాజాల డబ్బు ఉంది.

పోయిన వారం మా ఆవిడతో చెప్పాను, ఆపాకు, చెల్లికి వాటా ఇచ్చేద్దామని. ఒక్క మాట అంది, "పిల్లల నెత్తిన చెయ్యి పెడతావా" అని. లేచి లోపలికెళ్లిపోయింది. అప్పట్నుంచి మాటల్లేవు.

ఎవరికి ఎంత వస్తుంది? అమ్మీ ఒప్పుకోవాలా? ఇలా ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సంతపేట చాచా:
వఅలైకుం సలాం బేటా. నేను చిత్తూరే. లెక్క ముందు చెప్తాను, మాట తర్వాత.

చనిపోయినాయన ఆస్తిలో ముందు కఫన్ దఫన్ (అంత్యక్రియల) ఖర్చు, తర్వాత ఆయన అప్పులు, తర్వాత వసియ్యత్ (వీలునామా) ఏదైనా ఉంటే అది మూడో వంతు దాటకుండా. మిగిలిందే వారసులకు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు. తక్కినదాంట్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఇంటిని 32 భాగాలు చేసుకో. అమ్మీకి 4, నీకు 14, ఆపాకు 7, చెల్లికి 7. ఇది అదే సూరాలో 11, 12 ఆయతుల్లో ఉంది. మీ అబ్బా అమ్మానాన్నలు ఆయనకంటే ముందే పోయారనుకుని చెప్తున్నాను. ఆయన పోయేనాటికి వాళ్లలో ఎవరైనా బతికుంటే లెక్క మారుతుంది.

అమ్మీ ఒప్పుకోవాలా అన్నావు. ఆమె భాగం ఆమె ఇష్టం. ఆడపిల్లల భాగాలకు ఆమె ఒప్పుదలతో పనిలేదు, నీ ఒప్పుదలతోనూ పనిలేదు. మీ అబ్బా కన్నుమూసిన నిమిషంలోనే అవి వాళ్లవైపోయాయి. నువ్వు ఇస్తున్నది కాదు బేటా, నీ దగ్గర ఉండిపోయినది.

ఇంకో మాట. అల్లాహ్ హక్కు వేరు, మనుషుల హక్కు వేరు. నమాజు తప్పితే అల్లాహ్‌ను అడుక్కోవచ్చు. మనిషి సొమ్ము తింటే ఆ మనిషినే అడగాలి. దివాలా తీసినవాడు ఎవరో తెలుసా అని ప్రవక్త (స) తన సహచరులైన సహాబాలను అడిగారు. డబ్బు, సామాను లేనివాడు అన్నారు వాళ్లు. కాదు, నమాజు, రోజా (ఉపవాసం), జకాత్ (దానం) అన్నీ మూటకట్టుకుని వస్తాడు, కానీ ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, అతని పుణ్యాలన్నీ వాళ్లకు పంచేస్తారు, అతనే దివాలా తీసినవాడు అన్నారు. సహీ ముస్లిం అనే గ్రంథంలో ఉన్న హదీసు, అంటే ప్రవక్త మాట ఇది. నాకు అరవై దాటాక దీని బరువు తెలిసింది. నీకు 41కే తెలిసింది, సంతోషం.

రేణిగుంట మెకానిక్:
చాచా, మీరు చెప్పింది కితాబు ప్రకారం కరెక్టే. కానీ నేల మీద ఎలా ఉంటుందో నేను చెప్తాను. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లకు అబ్బా ఎంత పెట్టి ఉంటాడు? మంచం, బీరువా, బంగారం, దావత్. అప్పు చేసే కదా పెట్టుంటాడు. ఆ అప్పు ఎవరు తీర్చారు? ఈ భాయే తీర్చుంటాడు. అమ్మీని చూసుకుంటున్నదీ ఈయనే. మా బంధువుల్లో ఒకాయన ఇలాగే మనసు కరిగి ఇల్లు అమ్మి పంచాడు. ఇప్పుడు బాడుగింట్లో ఉన్నాడు, చెల్లెళ్లు పండక్కి కూడా రావట్లేదు. టైలర్ భాయ్, తొందరపడొద్దు. ముందు మీ పిల్లలు.

సంతపేట చాచా:
నీ భయం అర్థమవుతుంది. కానీ పెళ్లిలో పెట్టినది వాటా కిందికి రాదు. జహేజ్ (కట్నం) అడగమని మన దీన్ (మతం) చెప్పలేదు, మనం నెత్తికెత్తుకున్నాం. ఆ తప్పు చూపించి ఈ హక్కు ఎగ్గొట్టలేం. అమ్మీని చూసుకోవడం కొడుకు బాధ్యత, దానికి కూలి కట్టుకోకూడదు. ఇక ఇల్లు అమ్మాలని ఎవరన్నారు? నలుగురూ కూర్చుని ఈనాటి ధర కట్టించి, ఇల్లు ఒకరు ఉంచుకుని తక్కినవాళ్లకు డబ్బు ఇవ్వచ్చు. వాళ్లు ఒప్పుకుంటే వాయిదాల్లో కూడా ఇవ్వచ్చు.

గ్రీమ్స్‌పేట టీచర్:
నేను గవర్నమెంట్ స్కూల్లో తెలుగు టీచర్ని. అన్నా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. మీ ఆపా గురించి ఎంతో రాశారు, వేలి మీది కాయ దాకా. మీ భార్య గురించి ఒక్క వాక్యమే ఉంది, అది కూడా ఆమె అడ్డుపడినట్టు. ఆమె ఎందుకు లేచి వెళ్లిపోయిందో అడిగారా? ఆ ఇంటి మీద ఆమె పెట్టింది ఏమైనా ఉందా? మీ కోపాన్ని ఇన్నేళ్లు మోసిన మనిషి ఆమే కదా. ముందు అది కనుక్కోండి.

కొర్లగుంట దర్జీ:
టీచరమ్మా, మీరడిగాక గుండెల్లో రాయి పడింది.

2018లో అబ్బాకు ఆస్పత్రి ఖర్చులు మీద పడ్డప్పుడు మా ఆవిడ గొలుసు అమ్మాను. మూడు సవర్లు. అది మా నికాలో నేను మెహర్ కింద, అంటే పెళ్లిలో భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము కింద ఇచ్చిన గొలుసు. ఆస్పత్రి వరండాలో నిలబడి "ఇస్తావా, మళ్లీ చేయిస్తాను" అన్నాను. మారు మాట్లాడకుండా మెడలోంచి తీసి చేతిలో పెట్టింది. మళ్లీ చేయించలేదు. ఇంత పెద్ద పోస్టు రాస్తే అందులో ఆ గొలుసు నాకు గుర్తే రాలేదు.

గ్రీమ్స్‌పేట టీచర్:
ఇప్పుడు గుర్తొచ్చింది కదా, అది చాలు. మీరు చదివిన అదే సూరాలో నాలుగో ఆయతు చూడండి. ఆడవాళ్లకు వాళ్ల మెహర్ సంతోషంగా ఇచ్చేయమని ఉంది. వాళ్లంతట వాళ్లు మనస్ఫూర్తిగా అందులో కొంత వదిలితేనే మీకు. మీరు ఏడో ఆయతు దగ్గర ఆగారు, నాలుగోది దాటుకుని వచ్చేశారు.

నేను ఇది కోపంతో రాయట్లేదు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా ఆయన దీన్ చెబుతూ ఊరూరా తిరిగే తబ్లీగ్ జమాత్‌లో నలభై రోజులు తిరిగొచ్చాక ఊరందరితో మెత్తగా మాట్లాడేవాడు, ఇంటికొచ్చాక మాత్రం పాత గొంతే. ఒకరోజు నేనే చెప్పాను, మీలో అందరికంటే మంచివాడు తన ఇంటివాళ్లతో మంచిగా ఉండేవాడు అని కదా హదీసు అని. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున టీ ఆయనే పెట్టాడు. అప్పట్నుంచి పొద్దుటి టీ ఆయనదే. ఉపవాసం రోజుల్లో తెల్లవారకముందు తినే సేహ్రీకి నేను లేచేసరికి కూడా పొయ్యి మీద పాలు ఉంటాయి. మార్పు అంటే నాకు ఆ పాల గిన్నే.

సంతపేట చాచా:
టీచరమ్మ నా కళ్లు కూడా తెరిపించింది. బేటా, అప్పులు ముందు అన్నాను కదా. ఇక్కడ తేడా జాగ్రత్తగా చూడు. ఆ డబ్బు మీ అబ్బా తనకు అప్పుగా ఇమ్మని అడిగి ఉంటే అది ఆయన ఆస్తి మీద పడే అప్పు, పంపకానికి ముందే తీరాలి. కానీ నువ్వు అడిగి, నువ్వే "మళ్లీ చేయిస్తాను" అన్నావు. కాబట్టి అది నీ అప్పు. నీ 14 భాగాల్లోంచి, నీ కష్టంలోంచి తీరాలి. ఆడపిల్లల వాటాల్లో కోత పెట్టకూడదు. బంగారం తీసుకున్నావు కాబట్టి అంత తూకం బంగారమే బాకీ.

పుంగనూరు ఆపా:
అన్నలందరూ ఇస్తామంటే చెల్లెలు వద్దంది అని చెప్తుంటారు. వద్దన్న చెల్లెల్ని నేను. ఎందుకన్నానో రాస్తాను.

పదకొండేళ్ల కింద మా అన్న అడిగాడు. ఎక్కడ? మా వాళ్లింట్లో వలీమా (పెళ్లి విందు) జరుగుతుంటే, భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ ఇరవై మంది కూర్చుని ఉండగా. "నీకేమైనా కావాలా చెప్పు" అన్నాడు. అందరూ తినడం ఆపి నా మొహం చూశారు. కావాలంటే ఆశపోతునవుతాను. వదినకు కంటగింపు. రేపు నా కూతురి పెళ్లికి మేనమామగా ఎవరొస్తారు? మా ఆయన కొడితే నేను ఎక్కడికి పోవాలి? ఇవన్నీ ఒక్క నిమిషంలో తల్లో తిరిగాయి. "నువ్వు చల్లగా ఉంటే చాలన్నా, నాకేం వద్దు" అన్నాను. అందరూ మాషా అల్లాహ్ అన్నారు. నేను వదిలింది వాటా కాదు. పుట్టింటి గడప ఉండాలని దాన్ని కొనుక్కున్నాను.

తర్వాత మా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఆ గడప దగ్గరికే పోయాను. తలుపు సగమే తెరుచుకుంది. మూడో రోజు తిరిగొచ్చేశాను. ఇప్పుడు బడి పిల్లలకు టిఫిన్ చేసి బతుకుతున్నాను, అల్హందులిల్లాహ్, ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఐదు పూటలా దువా చేస్తాను, అన్న కోసం కూడా. కానీ మాఫ్ చేశానా అంటే, ఇంకా చేయలేకపోతున్నాను. అల్లాహ్ దగ్గర అబద్ధం చెప్పలేను కదా.

టైలర్ తమ్ముడూ, మీ ఆపాను నలుగురిలో అడగొద్దు. "కావాలా" అని అసలే అడగొద్దు. ఇది నీది, ఇంత వచ్చింది అని చెప్పు. ఆమె చేతిలో పడి, ఆమె పేరు మీదికి వెళ్లాక, అప్పుడు వెనక్కిస్తే అది ఆమె ఇష్టం. చేతికి రాకముందే వద్దనిపించుకోవడం ఇష్టం కాదు.

పీలేరు దూదేకుల:
ఆపా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మాది దూదేకుల కుటుంబం. మా తాత వీపున దూది ఏకే విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాకు తెలుగే, ఉర్దూ రాదు. చిన్నప్పుడు మసీదులో వెనక వరసలో నిలబడేవాణ్ని, ఎవరైనా ఉర్దూలో పలకరిస్తే ఏం చెప్పాలో తెలియక. మా ఊళ్లో పీర్ల పండగకు గుండం చుట్టూ అన్ని కులాలవాళ్లూ ఉండేవాళ్లం, అక్కడ నాకు ఎప్పుడూ సిగ్గనిపించలేదు, మసీదులో మాత్రం అనిపించేది. నలభై దాటాక నా కూతురు అరబ్బీ నేర్చుకుంటూ నాకు అల్‌ఫాతిహా అర్థం తెలుగులో చెప్పింది. ముప్పై ఏళ్లు నోటికి చెప్పినదాంట్లో "మాకు సరైన దారి చూపు" అని అడుగుతున్నానని ఆ రోజే తెలిసింది. అప్పట్నుంచి ముందు వరసలో నిలబడుతున్నాను.

మా ఇళ్లల్లో ఆడపిల్ల వాటా అన్న ఊసే లేదు. మా చెల్లెలు పుట్టింటికొస్తే చీర, రవికె పెట్టి పంపిస్తాం, అదే గొప్ప అనుకుంటాం. ఈ చర్చ మా ఇంట్లో చదివి వినిపిస్తాను.

చంద్రగిరి రైతు:
నేను ముస్లిం కాదు, కానీ ఈ చర్చ మా ఇంటిదే అనిపించింది. మాలో ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద కొంచెం రాసిస్తే అయిపోయిందనుకుంటారు. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో 1986లోనే కూతురికి సమాన హక్కు చట్టం వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా నేను మా అక్క దగ్గర సంతకం పెట్టించుకున్నాను. కాగితంలో ఏముందో చదవనివ్వలేదు, "ఊరికే, పాస్‌బుక్కు కోసం" అన్నాను. పుంగనూరు అక్క రాసింది చదివాక మా అక్కకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక బాగున్నావా అని పెట్టేశాను. రేపు మళ్లీ చేస్తాను.

కొర్లగుంట దర్జీ:
పన్నెండు రోజులైంది. ఏం జరిగిందో చెప్పాలి కదా.

ముందు మా ఆవిడ దగ్గర కూర్చున్నాను. గొలుసు బాకీ ఉన్నాను, మర్చిపోయాను, తప్పు నాది అన్నాను. చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. తర్వాత అంది, "ఇన్నేళ్లలో ఒక్కసారన్నా అడుగుతావేమో అని చూశాను. ఆపాకు ఇస్తానన్నావు చూడు, ఆ రోజు మాత్రం ఓర్చుకోలేకపోయాను." మాఫ్ చేశాను అనలేదు. బంగారం బంగారంగానే ఇవ్వు, తొందరలేదు అంది. మూడు సవర్లంటే 24 గ్రాములు. రెండు నెలలకో గ్రాము చొప్పున కొంటాను, నాలుగేళ్లు పడుతుంది. మొదటి గ్రాము కొన్నాను. చీటీ ఆమె దగ్గరే ఉంది. ఆ రాత్రి ఆమే అడిగింది, చిత్తూరు ఎప్పుడు పోదాం అని.

ఇద్దరం బస్సులో వెళ్లాం. బావ ఆటో తీసుకెళ్లాక ఆపాతో మాట్లాడాను. పుంగనూరు ఆపా చెప్పినట్టు కావాలా అని అడగలేదు. ధర కట్టించిన కాగితం చూపించి, 32 భాగాల్లో 7 నీవి, ఇదీ లెక్క అన్నాను. పై గది 2021లో నా డబ్బుతో వేసింది, దాన్ని పక్కన పెట్టి కట్టించాను. ఆపా కాగితం తీసుకుని వెలుగులోకి జరిగింది. అంకెల కింద ఆ బొటనవేలు పెట్టి మెల్లగా చదివింది. వద్దనలేదు. నేను అంటుందనే అనుకున్నాను, నిజం చెప్తున్నాను.

"ఇది మీ బావకు ఇప్పుడే చెప్పొద్దు. చెప్తే ఆటో అప్పుకే పోతుంది. పోస్టాఫీసులో నా పేరు మీద వేస్తావా?" అంది. వేస్తానన్నాను. అంతే, లేచి పోయి మా ఆవిడకు తల దువ్వడం మొదలుపెట్టింది.

చెల్లి ఫోన్లో మొదట నవ్వింది, తర్వాత ఏడ్చింది. తన వాటా అమ్మీ ఉన్నన్నాళ్లూ ఇంట్లోనే ఉండనీ, రాసి మాత్రం ఇవ్వు అంది. అమ్మీ మూడు రోజులు ముభావంగా ఉంది, "ఇల్లు ముక్కలు చేస్తున్నావు" అని. నిన్న సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత జానమాజ్ (నమాజు చాప) మడుస్తూ ఒక మాట అంది, వాళ్ల పుట్టింట్లో తనకూ ఎవరూ ఇవ్వలేదట. డెబ్బై ఏళ్ల మనిషి నోట ఆ మాట మొదటిసారి విన్నాను.

చాచా, బుధవారం షాపు మూసి కాగితాల పని మొదలుపెడదామనుకుంటున్నాను. ముందు ఏం కావాలి?

సంతపేట చాచా:
ముందు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ బేటా. మీ సచివాలయంలో అర్జీ పెట్టు. అబ్బా మరణ ధ్రువపత్రం, అందరి ఆధార్ తీసుకెళ్లు. నలుగురి పేర్లూ అందులో ఉండాలి, పెళ్లయిపోయిందని ఆడపిల్లల పేర్లు వదిలేస్తుంటారు, దగ్గరుండి చూసుకో. అది వచ్చాక భాగపరిష్కార దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించుకోవచ్చు. దస్తావేజు రాసే ముందు ఆపాకు, చెల్లికి చదివి వినిపించండి.

పుంగనూరు ఆపా:
వినిపించడం కాదు చాచా, వాళ్ల చేతికిచ్చి చదవనివ్వమనండి. తమ్ముడూ, ఆపాను బుధవారం తిరుపతికి రమ్మను. బస్సు చార్జీ నువ్వే పెట్టుకో.

కొర్లగుంట దర్జీ:
పొద్దున ఏడింటి బస్సుకు వస్తానంది ఆపా. స్టాండు దగ్గర ఉంటాను.